కాళ్లకు తెలిసిన లోకం

లోపల, బయట, ముందు, వెనక, కుడి, ఎడమ, తూర్పు, పడమర... ఇవేవీ పిల్లలకు పుట్టుకతో రావు. పాకుతూ, నడుస్తూ, దాక్కుంటూ, గీస్తూ ఏళ్ల తరబడి ఒక్కొక్కటే కూడబెట్టుకుంటారు. ఆ చదువుకు కావలసిన పాఠాలన్నీ హైదరాబాద్ పక్కనున్న హిమాయత్ సాగర్ జలాశయం చుట్టుపక్కలే ఉన్నాయి. లేనిదల్లా పిల్లలు నడిచే దారి.

సగం నీళ్లున్న సీసా బొమ్మ ఒకటి గీసి అయిదేళ్ల పిల్లకు చూపించండి. పక్కనే అదే సీసాను ఒరిగిపోయినట్టు, ఖాళీగా గీసి ‘ఇప్పుడు నీళ్లు ఎలా ఉంటాయో గీత గియ్యి’ అనండి. ఆ వయసు పిల్లల్లో చాలామంది సీసా అడుగుకు సమాంతరంగా గీస్తారు. సీసా ఒరిగితే నీళ్లు కూడా దానితోపాటే ఒరిగిపోయాయని వాళ్ల లెక్క. నిజం సీసానే తెచ్చి, వంచి చూపించి, మళ్లీ గియ్యమన్నా కొందరు ఆ మొదటి గీతనే గీస్తారు. చూపులో లోపమేమీ లేదు. నీటి గీతను దేనితో పోల్చుకోవాలో ఇంకా తెలియదు, అంతే. కళ్లెదుట సీసా ఉంది కాబట్టి సీసాతోనే పోలుస్తారు. సీసాను వదిలి, దాని బయట ఉన్న నేలతో పోల్చాలని తట్టడానికి మామూలుగా ఎనిమిది తొమ్మిదేళ్లు పడుతుంది. పెద్దవాళ్లలోనూ తడబడేవాళ్లు తక్కువేమీ కాదు.

స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే, ఆయన సహ పరిశోధకురాలు బార్బెల్ ఇన్‌హెల్డర్ పిల్లల స్థలజ్ఞానం మీద 1948లో ప్రచురించిన పుస్తకంలోది ఈ పరీక్ష. అదే పరీక్షను మన పెద్దలు ఇంకెంతో పెద్ద ఎత్తున రాసి నెగ్గిన చోటు హిమాయత్ సాగర్. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి పరిశీలించి, నగరానికి ఎగువనే వరదను ఆపి నిల్వ చేయాలని సలహా ఇచ్చారు. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్ సాగర్ తయారయ్యాయి. నీళ్లు చేరకముందే, ఎగుడుదిగుడు నేల మీద నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో గీత గీయడమే వాటిని కట్టిన ఇంజినీర్ల పని. హిమాయత్ సాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం సముద్రమట్టం నుంచి 1763.5 అడుగులు. కట్ట దగ్గరా అంతే, అవతలి ఒడ్డున పొలం అంచునా అంతే. ఒడ్డు ఎన్ని వంకలు తిరిగినా నీటి గీత మాత్రం తిన్నగా ఉంటుంది. సీసాలో తప్పిపోయిన సంగతి ఇక్కడ మైళ్ల పొడవున పరుచుకుని కనబడుతుంది. పిల్లను కట్ట మీదికి తీసుకెళ్లి, రాతి వాలు మీద నీళ్లు తాకిన గీతను ఈ చివర నుంచి ఆ చివరకు వేలితో చూపించమనండి. పుస్తకంలో ‘క్షితిజ సమాంతరం’ అన్న మాట వచ్చేనాటికి దాని వెనక ఒక ఒడ్డు గుర్తుకొస్తుంది.

పాకిన రోజు నుంచే

ఈ చదువు ఉయ్యాల దిగిన రోజే మొదలవుతుంది. ఏడెనిమిది నెలల పాపకు గిలక్కాయ చూపించి గుడ్డ కింద దాచండి. తీసుకుంటుంది. అదే గుడ్డ కింద నాలుగైదుసార్లు దాచి, ఈసారి పాప చూస్తుండగానే పక్క గుడ్డ కింద పెట్టండి. చాలాసార్లు మొదటి గుడ్డనే ఎత్తుతుంది. వస్తువు ఎక్కడుందనేది, తాను చెయ్యి చాపే అలవాటు నుంచి ఇంకా విడిపడలేదు.

అది విడిపడటంలో పాకడానికి పెద్ద పాత్ర ఉంది. పాకడం వచ్చిన పిల్లలు దాచిన వస్తువును వెతకడంలో, ఇంకా చంకల్లోనే ఉన్న అదే వయసు పిల్లలకంటే ముందుంటారని రోసాన్ కెర్మోయిన్, జోసెఫ్ క్యాంపోస్ 1988లో చూపించారు. తానుగా కదిలిన పిల్ల ప్రతి అడుగుకీ లెక్క సరిచేసుకోవాలి. ఇందాక కుడిపక్కనున్న బిందె ఇప్పుడు వెనక్కి పోయింది, తలుపు దగ్గరికొచ్చింది. ఎత్తుకుని తిప్పిన పిల్లకు ఆ లెక్క అక్కర్లేదు. మూడు చక్రాల కొయ్య బండిని నెట్టుకుంటూ గడప దాకా పోయి, అడ్డం పడితే వెనక్కి లాగి పక్కకు తిప్పుకునే పిల్లను చూడండి. వెడల్పు, అడ్డు, మలుపు అన్న మూడు సంగతులూ అక్కడే, మాటలు రాకముందే తెలిసిపోతున్నాయి.

నడకకూ చూపుకూ ఉన్న సంబంధం మీద 1963లో రిచర్డ్ హెల్డ్, అలన్ హీన్ చేసిన ప్రయోగం ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. రెండు పిల్లికూనలను ఒకే గుండ్రటి గదిలో ఒక కాడికి అటూ ఇటూ కట్టారు. ఒకటి తన కాళ్లతో నడుస్తుంది. రెండోది బుట్టలో కూర్చుని, మొదటిది ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. రెండిటి కళ్లకూ కనబడేది ఒకటే. మిగతా వేళంతా చీకట్లో ఉంచారు. కొన్నాళ్లకు, నడిచిన కూన లోతు చూసి ఆగడం నేర్చింది. బుట్టలో తిరిగిన కూనకు ఆ తేడా తెలియలేదు. దాన్ని మామూలుగా తిరగనిచ్చాక రెండు రోజుల్లోనే నేర్చుకుంది. చూపు ఒక్కటే చాలదు, కదలిక తనదై ఉండాలి.

చూపు లేకున్నా కదలిక ఎంత చేయగలదో 1981లో బార్బరా లాండౌ, హెన్రీ గ్లైట్‌మన్, ఎలిజబెత్ స్పెల్కీ రాసిన వ్యాసం చెబుతుంది. పుట్టుకతో చూపు లేని రెండున్నరేళ్ల పాపను ఒక గదిలో తల్లి దగ్గర నుంచి ఒక్కొక్క వస్తువు దగ్గరికి నడిపించి, మళ్లీ తల్లి దగ్గరికి తెచ్చారు. తర్వాత, ఎన్నడూ నడవని దారిలో ఒక వస్తువు నుంచి నేరుగా ఇంకో వస్తువు దగ్గరికి వెళ్లమంటే వెళ్లగలిగింది. నడిచిన దారుల నుంచి నడవని దారిని తానే కట్టుకుంది.

‘మీద’ ముందు, ‘ఎడమ’ తర్వాత

పియాజే చెప్పిన వరుస ఇది: పిల్లలు మొదట ఆనుకుని ఉందా దూరంగా ఉందా, లోపలా బయటా అన్నది పట్టుకుంటారు. తర్వాత ఒక చోటి నుంచి చూస్తే ఏది ముందు, ఏది వెనక అన్నది వస్తుంది. కొలతలు, కోణాలు, సమాంతరాలు ఆఖరున వస్తాయి. మూడేళ్ల పిల్ల గీసిన మనిషి బొమ్మలో కళ్లు ముఖం లోపలే ఉంటాయి. చేతులు మాత్రం తల నుంచి మొలుస్తాయి. లోపలా బయటా ఎప్పుడో కుదిరింది, కొలతే ఇంకా కుదరలేదు.

మాటలూ దాదాపు ఇదే దారిలో వస్తాయి. లోపల, మీద, కింద ముందు. పక్కన, మధ్యన ఆ తర్వాత. ముందు, వెనక కొంచెం ఆలస్యంగా. కుడి, ఎడమ అన్నిటికంటే వెనక. తన కుడిచెయ్యి ఏదో అయిదారేళ్లకు చెప్పిన పిల్ల, ఎదురుగా నిలబడ్డ మనిషి కుడిచెయ్యి చెప్పడానికి ఇంకో రెండేళ్లు తీసుకుంటుంది. చెప్పులు తిరగేసి తొడుక్కునే పిల్లను కోప్పడి లాభం లేదు. ఆ మాట ఇంకా దారిలో ఉంది.

ఇక్కడ పెద్దల మాట నేరుగా పనికొస్తుంది. షికాగోలో 52 మంది పిల్లలను 14 నెలల వయసు నుంచి ఇళ్లలోనే గమనించిన షానన్ ప్రూడెన్, సూసన్ లెవిన్, జానెలెన్ హటెన్‌లోకర్ 2011లో ఫలితాలు ప్రచురించారు. పొడవు, గుండ్రం, మూల, అంచు, వంపు వంటి మాటలు పెద్దల నోట ఎక్కువగా విన్న పిల్లలు తామూ ఎక్కువగా వాడారు. అలా వాడినవాళ్లు నాలుగున్నరేళ్లకు ఆకారాలను మనసులో తిప్పి పోల్చే పరీక్షల్లో ముందున్నారు. కాబట్టి వంటింట్లో ‘అది ఇలా ఇవ్వు’ అనే బదులు ‘పైఅరలో ఎడమ మూలన, పొడుగు డబ్బా వెనకున్న గుండ్రటి మూత ఇవ్వు’ అంటే పిల్లకు అది పాఠమే. ఖర్చు లేదు, హోంవర్కూ లేదు.

దాగుడుమూతల తెలివి

పియాజే పరీక్షల్లో పేరుమోసింది మూడు కొండల పరీక్ష. బల్ల మీద మూడు కొండల నమూనా పెట్టి, అటుపక్క కూర్చున్న బొమ్మకు ఏం కనబడుతుందో చెప్పమంటారు. నాలుగైదేళ్ల పిల్లలు తమకు కనబడేదే చెప్పారు. ఇతరులు నిలబడ్డ చోటి నుంచి చూడటం ఏడెనిమిదేళ్ల దాకా రాదని ఆయన తేల్చారు.

మార్టిన్ హ్యూస్ అదే ప్రశ్నను మరో రకంగా అడిగారు. రెండు గోడలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసేలా నిలబెట్టి, ఒక పోలీసు బొమ్మను చూపించి, ‘ఈ పిల్లాణ్ని పోలీసుకు కనబడకుండా దాచు’ అన్నారు. మూడున్నర నుంచి అయిదేళ్ల పిల్లలు నూటికి తొంభై వంతులు సరిగ్గా దాచారు. ఇద్దరు పోలీసులను రెండు వైపులా పెట్టినా దాచారు. మార్గరెట్ డొనాల్డ్‌సన్ 1978లో తన పుస్తకంలో ఈ సంగతి రాసి, ఏమడుగుతున్నారో పిల్లలకు అర్థమైతే వాళ్ల తెలివి బయటపడుతుందని వాదించారు.

దాగుడుమూతలు ఆడిన ఊళ్లకు ఈ వాదన కొత్తేమీ కాదు. రెండేళ్ల పిల్ల తన కళ్లు మూసుకుని దాక్కున్నాననుకుంటుంది. మూడేళ్లకు తలుపు చాటుకు పోతుంది గానీ కాళ్లు బయట కనబడతాయి. అయిదేళ్లకు, దొంగ ఎటు నుంచి వస్తాడో చూసుకుని గుండు చుట్టూ మెల్లగా తిరుగుతుంది. రాజేంద్రనగర్ నుంచి శంషాబాద్ దాకా ఈ నేలంతా గుండ్లే. ఒక పెద్ద గుండు చుట్టూ దాక్కుంటూ తిరిగిన పిల్ల, అవతలివాడి చూపు ఎక్కడ ఆగుతుందో క్షణక్షణం లెక్క వేస్తూనే ఉంటుంది.

రన్‌వే చెప్పే తూర్పు పడమరలు

శంషాబాద్ చుట్టుపక్కల పెద్దవాళ్ల మాట వినండి. ‘బిడ్డా, తూర్పు దిక్కు జరుగు. దక్షిణం గోడకు చాట ఉన్నది, అందుకో’ అంటారు. ఉత్తరం తల పెట్టి పడుకోవద్దంటారు. నమాజుకు పడమటి దిక్కు తిరగాలని ముస్లిం ఇళ్లలో పిల్లలకు చిన్నప్పుడే తెలుస్తుంది. కట్ట కింద, మత్తడి అవతల, శిఖం భూమి, ఎగువన, దిగువన అంటూ చెరువే కొలబద్దగా ఊరంతా మాట్లాడుకుంటుంది. ఇంకోవైపు నగరంలో పెరిగే పిల్ల వినేది ‘లెఫ్ట్ తీసుకో, రైట్ తిరుగు’. మొదటి పద్ధతిలో ఆధారం నేల, రెండో దానిలో ఆధారం మన శరీరం. మనం తిరిగితే ఎడమ మారిపోతుంది, తూర్పు మారదు.

ఈ తేడాను మన దేశంలోనే లోతుగా పరిశీలించినవాళ్లు రమేశ్ చంద్ర మిశ్రా, పియరీ దాసెన్. వారణాసి, నేపాల్, బాలి దీవి పిల్లలతో ఏళ్ల తరబడి పనిచేసి 2010లో పుస్తకం తెచ్చారు. ఆచారాల్లో, రోజువారీ మాటల్లో దిక్కులు వాడే చోట పిల్లలు చిన్న వయసులోనే దిక్కులతో ఆలోచిస్తారని, వారణాసిలో సంస్కృత పాఠశాలల పిల్లల్లో ఇది మరీ బలంగా కనబడుతుందని చూపించారు. కుడి ఎడమల తర్వాతే దిక్కులు వస్తాయన్న నమ్మకం అన్నిచోట్లా నిలవలేదు. ఎలుక పిల్లల మెదడు మీద 2010లో వచ్చిన పరిశోధనలూ ఇలాంటిదే చెప్పాయి. తల ఎటు తిరిగి ఉందో చెప్పే కణాలు మొదట సిద్ధమవుతాయి. ఉన్న చోటును గుర్తుపట్టే కణాలు, నేలను గళ్లుగా కొలిచే కణాలు ఆ తర్వాత కుదురుకుంటాయి. ఈ రెండు రకాల కణాలను కనిపెట్టినందుకే జాన్ ఓ కీఫ్, మే బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్‌లకు 2014లో నోబెల్ వచ్చింది.

ఇక్కడి పిల్లలకు దిక్కు నేర్పడానికి ఆకాశంలోనే ఒక గీత ఉంది. 2008 మార్చిలో మొదలైన శంషాబాద్ విమానాశ్రయం పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. దాని ఒక కొస మీద 09, రెండో కొస మీద 27 అన్న అంకెలుంటాయి. ఉత్తరం నుంచి కుడివైపుగా లెక్కపెడితే 90 డిగ్రీలు తూర్పు, 270 డిగ్రీలు పడమర. చివరి సున్నా తీసేసి రాస్తారు. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది కాబట్టి పడమటి గాలి వీచే వానాకాలంలో సాధారణంగా పడమటి దిక్కుకే లేస్తుంది. హిమాయత్ సాగర్ విమానాశ్రయానికి వాయవ్యంగా ఉంది. కట్ట మీద నుంచి రన్‌వే కనబడకపోయినా, లేచే విమానాన్ని, దిగే విమానాన్ని చూస్తూ రన్‌వే ఎటు నుంచి ఎటు పరుచుకుని ఉందో పిల్లనే చెప్పనివ్వండి. సాయంత్రం సూర్యుణ్ని చూపిస్తే జవాబు సరిపోయిందో లేదో తానే తేల్చుకుంటుంది.

చుక్కల్లో గణితం

మన వాకిళ్లలో స్థలజ్ఞానానికి పాత బడి ఒకటుంది. ‘ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు దాకా’ అంటే ముగ్గు వచ్చినవాళ్లకు అంతా చెప్పేసినట్టే. మధ్య వరుసలో ఏడు చుక్కలు. దాని పైనా కిందా ఆరేసి, ఒక్కొక్క చుక్కా మధ్య వరుసలోని రెండు చుక్కల సందులోకి వచ్చేలా. తర్వాత అయిదేసి, చివరికి నాలుగేసి. మొత్తం 37 చుక్కలు, ఆరు మూలల ఆకారం. ఎనిమిదేళ్ల పిల్ల అమ్మ పక్కన కూర్చుని ఈ చుక్కలు పెట్టేటప్పుడు సందు ఒక్కచోట జారితే, రెండు వరుసల తర్వాత ముగ్గు కలవదు. తప్పు ఎక్కడ మొదలైందో వెనక్కి వెతుక్కుంటూ పోవాలి. ఒక మూల గీసిన రేకును తక్కిన అయిదు మూలల్లోనూ తిప్పి గీయాలి. ఆకారాన్ని మనసులో తిప్పగలగడం అంటే ఇదే.

అష్టాచెమ్మా కూడా అంతే. అయిదు గళ్ల పొడవు, అయిదు గళ్ల వెడల్పు. కాయలు బయటి వరుసలో ఒకవైపు తిరిగి, లోపలి వరుసలోకి దిగాక ఎదురువైపు తిరిగి, నడిమి గడిలో పండుతాయి. నాలుగు వైపులా కూర్చున్న నలుగురికీ పటం ఒకటే, దారి నాలుగు రకాలు. ఎదుటివాడి కాయ ఎటు నుంచి వచ్చి తనదాన్ని చంపుతుందో చూడాలంటే వాడి వైపు నుంచి ఆలోచించాలి. మూడు కొండల పరీక్షను పిల్లలు గవ్వలు వేస్తూ నెగ్గుతున్నారు. బతుకమ్మ పేర్చేటప్పుడు ఒక్కొక్క వరుసకూ చుట్టు ఎంత తగ్గాలో చెయ్యే చెబుతుంది.

ఈ శక్తి కొందరికే పుట్టుకతో వచ్చే వరం కాదు. డేవిడ్ ఉటల్ బృందం 2013లో 217 అధ్యయనాలను కలిపి చూసి, సాధన చేస్తే స్థలజ్ఞానం పెరుగుతుందని, పెరిగినది నిలుస్తుందని తేల్చింది. పిల్లలకైనా, పెద్దలకైనా, ఆడైనా, మగైనా అంతే.

గేటు లోపలి బాల్యం

అందుకే ఈ ప్రాంతంలో జరుగుతున్న మార్పు గురించి గట్టిగా మాట్లాడుకోవాలి. కట్టకు దగ్గరగానే 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పోతుంది. దాని పక్కన సర్వీసు రోడ్లు, గోడలు కట్టిన వెంచర్లు, అపార్టుమెంట్లు. ఇంటి గేటు దగ్గర బస్సెక్కి బడి గేటు దగ్గర దిగే పిల్లకు మధ్యలోని ఊరు కిటికీలో బొమ్మ. ఏ మలుపు తర్వాత ఏ మలుపో తాను ఎన్నడూ నిర్ణయించలేదు. ఆ పిల్లను ఇంటి నుంచి బడికి దారి గీయమని అడగండి. ఇల్లు ఒక డబ్బా, బడి ఒక డబ్బా, మధ్యన ఒక గీత గీస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. నడిచివెళ్లే పిల్ల గీసే పటంలో కిరాణా కొట్టు, కుక్క ఉండే సందు, వంగిన వేపచెట్టు, దాటడానికి భయపడే రోడ్డు ఉంటాయి.

ఫోనులోని మ్యాపు ఈ లోటు తీర్చదు. పటం అన్నది మరో చోటికి గుర్తు అని తెలియడమే ఒక మెట్టు. జూడీ డెలోచ్ 1987లో ఒక గదికి చిన్న నమూనా చేసి, నమూనాలో బుల్లి బొమ్మను దాచి చూపించి, అసలు గదిలో అలాంటి పెద్ద బొమ్మను వెతకమన్నారు. మూడేళ్లవాళ్లు ఎక్కువసార్లు నేరుగా వెళ్లి తీశారు. రెండున్నరేళ్లవాళ్లకు నమూనాకూ గదికీ సంబంధమే తట్టలేదు. ఆ మెట్టు ఎక్కాక పటాన్ని నేలతో సరిచూసుకునే పని మిగులుతుంది. నీలి చుక్క వెంట పోయేవాళ్లకు ఆ పని చేయాల్సిన అవసరమే రాదు.

ఇంకొక అన్యాయం ఉంది. రోజర్ హార్ట్ అమెరికాలోని ఒక చిన్న ఊళ్లో పిల్లలు ఎంతదూరం తిరుగుతారో గమనించి 1979లో పుస్తకం రాశారు. ఆడపిల్లలకు పెద్దలు గీసిన హద్దు మగపిల్లల హద్దుకంటే బాగా దగ్గర. మన ఊళ్లలో ఆ హద్దు ఇంకా దగ్గరికి జరిగి గడప దగ్గరే ఆగుతుంది. పన్నెండేళ్లు గడప దాటనివ్వకుండా పెంచి, తర్వాత ‘ఆడవాళ్లకు దారులు గుర్తుండవు’ అనడం పచ్చి అన్యాయం. వాకిట్లో 37 చుక్కలను కళ్లతోనే కొలిచే పిల్లకు తెలివి తక్కువ కాదు, తిరిగే చోటు తక్కువ.

భయాలు నిజమైనవే. సర్వీసు రోడ్డు మీద బండ్ల వేగం నిజం. నీటి అంచు ప్రమాదం నిజం. గేట్లు ఎత్తిన రోజున ఈసీ వైపు ఎవరూ పోకూడదన్నదీ నిజం. పిల్లలను ఎవరూ ఒంటరిగా చెరువు దగ్గరికి పంపకూడదు. కానీ ఆ భయాలకు విరుగుడు పిల్లలను ఇంట్లో కట్టెయ్యడం కాదు, దారిని బాగుచేయడం. బడి చుట్టూ అర కిలోమీటరు మేర ఆక్రమణలు లేని ఫుట్‌పాత్, దాటేచోట వేగం తగ్గించే గట్టు, ప్రతి కాలనీలో మట్టి నేల ఉన్న ఆటస్థలం అడగడం మన హక్కు. ఎన్నికలప్పుడు రోడ్లు వెడల్పు చేయిస్తామని మాట ఇచ్చేవాళ్లను, ఆ రోడ్డు మీద ఎనిమిదేళ్ల పిల్ల నడవగలదా అని అడగాలి.

బడి చేయగలిగింది బడి చేయాలి. పరిసరాల విజ్ఞానంలో పటం పాఠం వచ్చిన రోజున పుస్తకం మూసి పిల్లలను ఆవరణలోకి తీసుకెళ్లాలి. అడుగులతో కొలిచి, కట్టెపుల్లతో నేల మీద తరగతి గది గీయించాలి. అంగన్‌వాడీలో ఇసుక కుప్ప, ఖాళీ డబ్బాలు, నాలుగు ముగ్గు చుక్కలు ఉంటే ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది ఈ ఆదివారమే మొదలుపెట్టవచ్చు. తెలిసిన దారిలో, నడిచి వెళ్లే దూరంలో, బంధువుల ఇంటికో కూరగాయల దుకాణానికో బయల్దేరండి. ఫోను జేబులోనే ఉంచండి. పిల్లను ముందు నడవనివ్వండి, మీరు రెండడుగులు వెనక నడవండి. రోడ్డు దాటేటప్పుడు మాత్రం చెయ్యి పట్టుకోండి. మలుపు దగ్గర పిల్ల ఆగి మీవైపు చూస్తుంది. వెంటనే చెప్పెయ్యకండి. తప్పు సందులోకి తిరిగితే తిరగనివ్వండి, తప్పని తెలిసినచోట ఆగి, వెనక్కి ఎలా రావాలో తననే ఆలోచించనివ్వండి. పది నిమిషాలు ఆలస్యమవుతుంది. ఆ పది నిమిషాల్లో పిల్లకు దక్కేది ఏ ట్యూషన్‌లోనూ దొరకదు.